పాత కారు బేరంలో చెప్పని మాట ఖరీదు

కర్నూలులో ఏ ఆటో కన్సల్టెన్సీకి వెళ్లినా కడిగి, తుడిచి, టైర్లకు నల్లగా పాలిష్ పట్టించిన కార్లు వరుసగా నిలబెట్టి ఉంటాయి. అన్నిటి గురించీ వినిపించే మాటలు దాదాపు ఒకటే: సింగిల్ ఓనర్, షోరూం సర్వీసింగ్, యాక్సిడెంట్ కాలేదు, ఇంజిన్ మీద చెయ్యి పడలేదు. కొన్ని కార్ల విషయంలో ఈ మాటలు అక్షరాలా నిజం, కొన్నిటి విషయంలో పచ్చి అబద్ధం. ఏది నిజమో, ఏది అబద్ధమో కొనడానికి వచ్చినవారికి తెలియదు. అమ్మేవారికి చాలావరకు తెలుసు. ఈ తేడా వల్ల మోసపోయే కొనుగోలుదారుల గురించి అందరూ మాట్లాడుతూనే ఉంటారు. కానీ ఇదే తేడా వల్ల నష్టపోయే మరో మనిషి ఉన్నాడు. కారును కన్నబిడ్డలా చూసుకొని, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మాలనుకునే యజమాని అతను. అతని నష్టం ఎవరి లెక్కలోకీ రాదు. నా దృష్టిలో ఈ వ్యాపారానికి పట్టిన అసలు జబ్బు అక్కడే ఉంది.

అదెలాగో ఒక లెక్కతో చెబుతాను. ఒకే మోడల్, ఒకే ఏడాది కార్లు మూడు అమ్మకానికి వచ్చాయని అనుకుందాం. మొదటిది చక్కగా ఉంది, దాని నిజమైన విలువ ఐదు లక్షలు. రెండోది పరవాలేదు, నాలుగు లక్షలు. మూడోదానికి ఇంజిన్ లోపల అరిగి బోరుకు వచ్చింది, మూడు లక్షలకు మించి చేయదు. బయటికి మూడూ ఒకేలా మెరుస్తున్నాయి. కొనేవారికి తేడా తెలియదు కాబట్టి, ఏది తగులుతుందోనన్న భయంతో మధ్యేమార్గంగా నాలుగు లక్షలకు మించి ఇవ్వరు. ఆ ధర విన్న మొదటి కారు యజమాని, ఇంత తక్కువకు ఎందుకు ఇవ్వాలని కారును ఇంట్లోనే ఉంచుకుంటాడు. ఇప్పుడు సంతలో మిగిలినవి రెండే కార్లు, వాటి సగటు మూడున్నర లక్షలు. కొనేవారు అంతకే అడుగుతారు, రెండో యజమాని కూడా తప్పుకుంటాడు. చివరికి మిగిలేది బోరుకు వచ్చిన కారొక్కటే. ఇక్కడ ఎవరూ అబద్ధం ఆడాల్సిన అవసరం కూడా లేదు. మంచి కారు మంచిదని నమ్మించే దారి లేకపోతే చాలు, చెడ్డవి మంచివాటిని తరిమేస్తాయి.

ఈ విషయాన్ని ఆర్థిక శాస్త్రంలో మొదట పద్ధతిగా నిరూపించినవారు అమెరికాకు చెందిన జార్జ్ అకెర్లాఫ్. మూడు పత్రికలు తిప్పి పంపిన ఆ పరిశోధనా పత్రం 1970లో అచ్చయింది; 2001లో మైఖేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పాత కార్లను ఉదాహరణగా తీసుకున్న ఆ పత్రంలో మన దేశపు వడ్డీ వ్యాపారుల ప్రస్తావన కూడా ఉండటం నన్ను బాగా ఆకట్టుకుంది. పట్నంలోని బ్యాంకు కంటే ఎంతో ఎక్కువ వడ్డీ వేసే షావుకారు పల్లెలో ఎలా నిలదొక్కుకుంటాడు? ఎవరు అప్పు తీరుస్తారో, ఎవరు ఎగవేస్తారో అతనికి తెలుసు, బయటివారికి తెలియదు. అతను అమ్ముకునేది డబ్బుతో పాటు ఆ తెలివిడిని కూడా. మన కన్సల్టెన్సీల కమిషన్‌లో కూడా సగం ఆ తెలివిడి ఖరీదే.

మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారు. చిన్న పెట్రోలు కారు, ఆయన ఒక్కరే నడిపినది. ప్రతి సర్వీసు బిల్లూ తేదీ వారీగా ఫైలులో పెట్టారు. బ్యాటరీ ఎప్పుడు మార్చారో, వెనక బంపరుకు గీత ఎక్కడ పడిందో కూడా ఒక కాగితం మీద రాసి ఉంచారు. కంటి ఆపరేషన్ తరువాత నడపడం మానేసి అమ్మకానికి పెట్టారు. వచ్చినవారంతా ఆ మోడల్‌కు ఊళ్లో నడుస్తున్న రేటే చెప్పారు. ఒకరు ఫైలు తెరవకుండానే, "మాస్టారూ, మీ బండి బాగుందని మీరంటున్నారు. బాగలేదని ఎవరైనా అంటారా?" అన్నారు. ఆ ప్రశ్నకు మాస్టారి దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అడిగినాయన తప్పేమీ అడగలేదు. ఫైలులోని కాగితాలనైనా నమ్మవచ్చో లేదో అతనికి తెలియదు. చివరికి ఆ కారు నంద్యాలలో ఉన్న మాస్టారి అల్లుడికి వెళ్లింది. అలా ఒక మంచి కారు సంతలోకి రాకుండానే పోయింది. ఆ వారంలో కారు కొనుక్కున్న మరొకరెవరో దానికంటే నాసిరకం బండికి అదే ధర చెల్లించి ఉంటారు.

ఈ చీకటి మొత్తం ఒకే రకమైనది కాదు. కాగితాలకు సంబంధించిన భాగంలో గత కొన్నేళ్లలో చాలా వెలుగు వచ్చింది. ప్రభుత్వ వాహన రికార్డుల వ్యవస్థ వాహన్ వల్ల, దాని వివరాలు చూపించే ఎంపరివాహన్ యాప్ వల్ల, నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది అన్నవి ఎవరైనా చూసుకోవచ్చు. చలానాలు వేరుగా కనిపిస్తాయి. ఫైనాన్స్ తీరిపోయిందని నోటిమాటగా చెబితే చాలదు. బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్సీలో ఫైనాన్స్ తీసేయించడానికి కావాల్సిన ఫారం 35 రెండూ చేతికి రావాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 ద్వారా ఎన్ఓసీ తీసుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. హైదరాబాదుకూ బెంగళూరుకూ నడుమ 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న కర్నూలు, అనంతపురం వాళ్లకు ఈ సంగతి ముఖ్యం. ఆ రెండు నగరాల బండ్లు మనకు రావడం చాలా తేలిక, తక్కువ ధర చూసి ఆశపడటం ఇంకా తేలిక.

ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ అన్న గడిని చాలామంది చదవకుండా వదిలేస్తారు. సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు ఇది: క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతం, తరువాత వరుసగా 25, 35, 45, ఐదేళ్లకు 50 శాతం వస్తుంది. మొదటి యజమాని దగ్గరే ఆరేళ్లు ఉన్న కారుకు పాత పాలసీలో బోనస్ సున్నా అని ఉంటే, చాలావరకు దగ్గర్లోనే ఏదో క్లెయిమ్ జరిగి ఉంటుంది, లేదా గడువు దాటి 90 రోజుల్లోగా పాలసీ కట్టకపోయి ఉంటారు. ఏది జరిగిందో అడగడం మన హక్కు. సరైన కారణం చెప్పకుండా అసలు ఏమీ జరగలేదని జవాబు వస్తే ఆ కారును అక్కడే వదిలేయడం మేలు.

ఇనుములో దాగినది మాత్రం ఏ యాప్‌లోనూ కనిపించదు. మొదట మీటరు సంగతి. డిజిటల్ మీటరు వచ్చాక రీడింగ్ మార్చలేరన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది నిజం కాదు, దానికి పరికరాలున్నాయి. కర్నూలు నుంచి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. నెలకు పాతిక రోజులు పోయి వచ్చే ట్యాక్సీ నెలకు పదివేల కిలోమీటర్లు దాటుతుంది, ఏడాదికి లక్ష పైన తిరుగుతుంది. అలాంటి బండి పసుపు బోర్డు తీసి తెల్ల బోర్డుకు మారి, మీటరులో అరవై వేలతో మన ముందు నిలబడితే, కంటికి దొరికే సాక్ష్యాలు కొన్నే. స్టీరింగ్ మీద అరచేయి ఆనే చోట నునుపు, క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదల, డ్రైవరు సీటు అంచున నలిగిన గుడ్డ. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ముప్పై వేలు తిరిగిన కారుకు నాలుగు టైర్లూ మార్చాల్సిన అవసరం మామూలుగా రాదు కాబట్టి, కారు కంటే టైర్లు మూడేళ్లు చిన్నవైతే మీటరును అనుమానించాల్సిందే. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేయించిన ప్రతి సర్వీసుకూ ఆనాటి కిలోమీటర్లు నమోదై ఉంటాయి; యజమాని అడిగితే ఆ చరిత్ర ఇస్తారు. దాన్ని తెప్పించడానికి వెనకాడే యజమాని, తెలియకుండానే మనకు ఒక విషయం చెప్పేసినట్టు.

నీట మునిగిన బండ్లు అన్నిటికంటే ప్రమాదకరం. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో ఉండిపోయాయి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టి డబ్బు ఇచ్చేస్తుంది. మిగిలిన బండి తుక్కు ధరకు చేతులు మారుతుంది. దాన్ని ఆరబెట్టి, సీట్లు మార్చి, మళ్లీ రోడ్డెక్కించడం పెద్ద కష్టం కాదు. వైరింగ్ కనెక్టర్లలో పట్టిన పచ్చటి చిలుము నెమ్మదిగా పనిచేస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడం, పవర్ విండోలు ఆగిపోవడం, నడిరోడ్డు మీద ఇంజిన్ ఆగిపోవడం మొదలవుతాయి. అప్పటికి అమ్మినవాడి ఫోను స్విచాఫ్.

తెలిసినవారి కోసం ఒక కారు చూడటానికి వెళ్లినప్పుడు వెంట వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తకముందే చేసిన పని నాకు గుర్తుండిపోయింది. వెనక సీటులో కూర్చొని సీటు బెల్టును చివరికంటా లాగమన్నారు. రోజూ బయటికి వచ్చే భాగం శుభ్రంగానే ఉంది. ఎప్పుడూ లోపలే చుట్టుకొని ఉండే చివరి జానెడు మీద, అడ్డంగా, టీ మరకలాంటి గీత ఒకటి కనిపించింది. ఆయన ఏమీ అనకుండా డిక్కీలో స్టెప్నీ టైరు తీసి, ఆ గుంట మూల వేలితో గీకి చూపించారు. వేలికి సన్నటి బూడిదరంగు ఒండ్రు అంటుకుంది. "సార్, మనూరోళ్లకు ఈ మట్టి గురించి చెప్పాల్సిన పని లేదు," అన్నారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చి వెళ్లాక, బీరువా సొరుగుల్లో, మీటరు పెట్టెల్లో, గోడ పగుళ్లలో ఆ ఒండ్రు ఎంతకాలం మిగిలిందో కర్నూలు వాళ్లందరికీ తెలుసు. కారు శుభ్రం చేసినవారు చాలా శ్రద్ధగానే చేశారు. సీటు కవర్లు కొత్తవి, లోపల సెంటు వాసన. కానీ సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. ఆ కారును తిరిగి అప్పగించి వచ్చాం. తరువాత దాన్ని ఎవరు కొన్నారో గాని, కొన్నవారు బెల్టు లాగి చూసి ఉండరు.

యాక్సిడెంట్ బండిని గుర్తుపట్టడం దీనికంటే కొంచెం సులువు. తలుపు రబ్బరు బీడింగ్ కిందికి లాగితే, ఫ్యాక్టరీలో వేసిన వెల్డింగ్ చుక్కలు గుండ్రంగా, సమాన దూరంలో కనిపించాలి. బానెట్, ఫెండర్ బోల్టుల అంచుల్లో పెయింటు చిట్లితే స్పానర్ పడినట్టే. లప్పం పెట్టిన చోట వేలితో తడితే శబ్దం మొద్దుగా వస్తుంది. గీత పడితే డోరుకు రంగు వేయించడం తప్పు కాదు. పైకప్పును మోసే పిల్లర్ కత్తిరించి అతికించిన బండిని కుటుంబంతో ప్రయాణించేవారికి చెప్పకుండా అమ్మడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. ఈ రెంటినీ కలిపి అంతా చిన్న టచప్పేనని తేల్చేయడం నాకు ఎన్నటికీ మింగుడుపడదు.

మన సీమలో పశువుల సంత చూసినవారికి ఈ సమస్య కొత్తది కాదు. కోడెదూడ నోరు తెరిచి పళ్లు లెక్కబెట్టి వయసు చెప్పేవారు, నడిపించి కుంటును చూసేవారు, దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని ధర తేల్చేవారు. అక్కడ కూడా దాచేవారు దాచేవారే. అయితే ఎద్దును అమ్మినవాడిది ఏ ఊరో, ఏ ఇంటివాడో కొన్నవాడికి తెలిసేది. పొడిచే ఎద్దును సాధువని అంటగడితే మరుసటి సంతలో మొహం చూపించాల్సి వచ్చేది. ఇవాళ కారు మూడు చేతులు మారి, మూడు జిల్లాలు దాటి వస్తుంది. అమ్మినవాడి పరువు బేరంలో తాకట్టుగా ఉండటం లేదు. ఆ తాకట్టు స్థానంలో మనం ఇంకేదైనా పెట్టుకోవాలి.

చట్టం ఆ పని చేస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ అది చేసేది కొంతవరకే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, అవతలివారి నిర్ణయాన్ని మార్చగల విషయం తెలిసి కూడా ఊరికే మౌనంగా ఉండటం మోసం కిందికి రాదు. ఆ చట్టమే గుర్రం ఉదాహరణ ఇస్తుంది: జబ్బు గుర్రమని తెలిసి, ఏమీ మాట్లాడకుండా వేలంలో అమ్మితే అది మోసం కాదు. అదే సెక్షన్‌లో మరో ఉదాహరణ ఉంది, ప్రతి కొనుగోలుదారుడూ గుర్తుపెట్టుకోవాల్సింది అదే. "మీరు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే నేను అనుకుంటాను" అని కొనేవాడు అన్నప్పుడు అమ్మేవాడు మౌనంగా ఉంటే, ఆ మౌనం మాటతో సమానం. అంటే అడగని ప్రశ్నకు దొరకని రక్షణ, అడిగిన ప్రశ్నకు దొరుకుతుంది. 19వ సెక్షన్ ఇంకో మెలిక పెట్టింది: అవతలివారు మౌనంతో మోసం చేసినా, మామూలు జాగ్రత్తతో నిజం కనుక్కోగలిగిన అవకాశం మనకు ఉండి ఉంటే, ఆ కారణం చూపి ఒప్పందాన్ని రద్దు చేసుకోలేం. కాబట్టి అడగడంతో పాటు చూపించుకోవడం కూడా మన బాధ్యతే.

అందుకే తెలిసినవారికి నేను చెప్పేది ఇది. అడ్వాన్స్ ఇచ్చే ముందు అమ్మేవారికి వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపండి: "మీ బండి వరదనీటిలో మునగలేదని, ఛాసిస్‌కో పిల్లర్‌కో దెబ్బ తగలలేదని, మీటరు మార్చలేదని, ట్యాక్సీగా తిరగలేదని, ఇంజిన్ విప్పలేదని మీరు చెప్పిన మాట మీద నేను కొంటున్నాను. ఇందులో ఏదైనా తేడా ఉంటే ఇప్పుడే చెప్పండి." నిజాయితీపరుడికి దీనికి జవాబివ్వడం ఒక నిమిషం పని. దాచేవాడికి ఇది ఇరకాటం, ఎందుకంటే అప్పటిదాకా అతనికి రక్షణగా ఉన్న మౌనం ఆ క్షణం నుంచి అతనికి వ్యతిరేక సాక్ష్యం అవుతుంది. నమ్మకం లేదా అని ఎవరైనా నొచ్చుకుంటే, నమ్మకం ఉంది కాబట్టే మీ మాటను కాగితం మీద కోరుతున్నానని చెప్పండి. బంధువుల దగ్గర కొనేటప్పుడు ఇది ఇంకా అవసరం, మొహమాటం వల్ల అడగని ప్రశ్నలు అక్కడే ఎక్కువ.

వ్యాపారిగా అమ్మిన కన్సల్టెన్సీ అబద్ధం చెప్పి అమ్మితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. వ్యక్తి నుంచి నేరుగా కొన్నప్పుడు సివిల్ కోర్టే దిక్కు, ఆ దారి ఎంత దూరమో చెప్పనక్కర లేదు.

ఈ అజ్ఞానం ఒకవైపే లేదు. అమ్మినవారికి కూడా కొన్నవారు కాగితాలు ఎప్పుడు మార్చుకుంటారో తెలియదు. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎన్ని చేతులు మారినా, పేరు మారేదాకా ప్రమాదంలో పరిహారం భారం పాత యజమాని మీద పడుతుంది. పేరు మార్పుకు వాడే ఫారం 29, 30లను నింపకుండా ఖాళీగానే సంతకాలు పెట్టి, డబ్బు తీసుకొని మరిచిపోయేవారు మన జిల్లాల్లో లెక్కలేనంతమంది. కొన్నవారు కూడా థర్డ్ పార్టీ కవరు (ప్రమాదంలో ఇతరులకు జరిగే నష్టానికి బీమా) దానంతటదే బదిలీ అవుతుందని ఊరుకోకుండా, 14 రోజుల్లోగా బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీలో పేరు మార్పించుకోవాలి. సొంత బండికి జరిగే నష్టానికి రక్షణ దానంతటదే రాదు.

2022 డిసెంబరులో కేంద్రం మోటారు వాహన నిబంధనలను సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల వ్యాపారులు రిజిస్ట్రేషన్ అధికారి దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి, వారి చేతికి వచ్చిన ప్రతి బండి గురించీ ఆ అధికారికి సమాచారం అందాలి. ఆ బండి బయటికి వెళ్లిన ప్రతిసారీ ఎందుకు వెళ్లింది, ఎవరు నడిపారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నవి ఎలక్ట్రానిక్ రిజిస్టరులో రాయాలి. యాజమాన్యం విషయంలో ఇది మంచి అడుగు, అమ్మినవారి భయం కొంత తీరుతుంది. కాని ఆ నిబంధనల్లో ఎక్కడా బండి పరిస్థితి గురించి వ్యాపారి ఒప్పుకోలు పత్రం లేదు. వ్యాపారి చేతికి వచ్చిన రోజు మీటరు ఎంత, ఏ భాగాలకు రంగు పడింది, క్లెయిమ్ ఉందా, ఏమేమి మార్చారు అన్నది ఒక పేజీ రాసి, సంతకం పెట్టి, కొనేవారికి ఇవ్వాలన్న నియమం ఉండాలి. చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. కర్నూలులో గాని, కడపలో గాని, అనంతపురంలో గాని నాలుగు కన్సల్టెన్సీలు కలిసి ఈ పేజీ ఇవ్వడం మొదలుపెడితే, ఇవ్వనివారిని కొనేవారు వెంటనే గుర్తుపడతారు. "మీకు నచ్చిన మెకానిక్ దగ్గర రెండు గంటలు ఉంచుకొని చూపించుకోండి" అని ముందే చెప్పే వ్యాపారికి నేను పదివేలు ఎక్కువైనా ఇస్తాను. చెడ్డ బండి ఉన్నవాడు ఆ మాట అనలేడు.

మాస్టారి ఫైలు లాంటివి మన ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి. వాటిని తెరిచి చదివి, బిల్లు మీది కిలోమీటర్లను సర్వీస్ సెంటర్ రికార్డుతో సరిచూసి, తేడా లేదని తేలితే ఊరి రేటు మీద ఒక ముప్పై, నలభై వేలు ఎక్కువ ఇవ్వడానికి కొనేవారు సిద్ధపడాలి. బానెట్ చుట్టూ తిరిగి, టైరును కాలితో తన్ని, రేటు తగ్గించమని అడిగినంతకాలం అలాంటి బండ్లు అల్లుళ్లకే వెళతాయి.